వెలిసిన బిళ్ళ, వెలగల బిళ్ళ

నల్లగొండ, మహబూబునగరు జిల్లాలలో తాతలనాటి యిండ్లు పడగొట్టునప్పుడు గాని, అన్నదమ్ముల పంపకములనాడు అటుకమీది పెట్టెలు దింపునప్పుడు గాని, రశీదులు, కౌలు కాగితములు, జాతకచక్రములు, శుభలేఖలు మొదలగువానితోపాటు నిజాము సర్కారు తపాలా బిళ్ళలంటించిన కవరులు పదో పరకో బయటపడుట కద్దు. ఆ యింటి చదువుకొన్న కుఱ్ఱవాడు వానిని ఫోనులో ఫోటో తీసి నలుగురికి పంపును. ఆ నలుగురిలో నొకడు, ఈ రంగు కేటలాగులో ఎక్కడను లేదనియు, ఇది అచ్చాఫీసులో జరిగిన పొరపాటనియు, దీనికి లక్షలు పలుకుననియు నోరూరించును. ఆ మాట చెవిని పడినదే తడవుగా కవరునుండి బిళ్ళను కత్తిరించి, నీళ్ళలో నానవేసి ఊడదీసి, ప్లాస్టికు సంచిలో వేసికొని నగరమునకు పరుగెత్తినవారు నేనెఱిగినంతలోనే పలువురు కలరు. ఇట్టి బిళ్ళలలో చాలవఱకు ఎండకో, పొగకో, నీటికో, మందుకో వెలిసినవే. అది వెలిసినదో, పుట్టుకతోనే ఆ వన్నెదో తేల్చి చెప్పగల సాక్ష్యమంతయు ఆ కత్తిరించి పాఱవేసిన కవరులోనే యుండెను. లక్షల ఆశతో మనము మొట్టమొదట చెఱచుచున్నది ఆ లక్షలకు ఆధారమైన వస్తువునే.

హైదరాబాదు సంస్థానము తన సొంత తపాలా బిళ్ళను మొదట వెలువరించినది 1869లో. అది ఒక అణా బిళ్ళ. ఆకుపచ్చలో మట్టివన్నె కలిసిన ఆలివు రంగుది. నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ పసిబాలుడుగా గద్దె నెక్కినదియు ఆ యేడే. పాలమూరికి తరువాతి కాలమున అబ్బిన మహబూబునగరను పేరు ఆయనదే. 1871లో ఆరంభమై ఇంచుమించు నలువది యేండ్లపాటు మఱల మఱల అచ్చుపడిన వరుసలో అర్ధణా బిళ్ళ గోధుమవన్నె మొదలు నారింజ మీదుగా ఇటుకరంగు వఱకును, అణా బిళ్ళ ఊదా కలిసిన గోధుమ మొదలు మాసిన బూడిదవన్నె మీదుగా నలుపు వఱకును నడచినవి. 1905లో లండనులో ఆలన్ వయన్ చెక్కిన ఫలకములతో హైదరాబాదు టంకసాలలో ముద్రించిన క్రొత్త వరుస వచ్చెను. 1931లో చార్మినారు, హైకోర్టు, ఉస్మాన్‌సాగరు, అజంతా, బీదరు, దౌలతాబాదు విజయస్తంభము బొమ్మల వరుస వచ్చెను. అందు అణా బిళ్ళ గోధుమ, రెండణాలది ఊదా, నాలుగణాలది నీలము, ఎనిమిదణాలది నారింజ, పండ్రెండణాలది ఎఱుపు, రూపాయిది పసుపు. కచేరీలలో తెలుగుకు పీట వేయని ఆ రాజ్యమున తపాలా బిళ్ళమీద మాత్రము వెల తెలుగులో కూడ అచ్చుపడెడిది. సర్కారు మన అక్షరములను గుర్తించిన కొలది తావులలో ఇది యొకటి. 1948లో సంస్థానము భారతదేశమున కలిసిన తరువాత కూడ 1950 దాక ఈ బిళ్ళలు చెల్లుబాటులో నుండెను.

ఇన్ని వన్నెలు నిజముగనే యున్నప్పుడు, క్రొత్త వన్నె కనబడగానే అది మఱియొక అచ్చు అనుకొనుట సహజమే గదా యని యొకరు అడుగవచ్చును. ఇక్కడనే రెండు వేర్వేరు సంగతులను విడదీసి చూడవలసియున్నది. ఒకటి ఛాయాభేదము: సిరాను చేతితో నూఱి కలిపిన దినములలో, ఒక్కొక్క విడత ముద్రణకు కలిపిన రంగు ఒక్కొక్క పాకమున వచ్చెడిది; అది బిళ్ళ పుట్టుకతో వచ్చిన గుణము. రెండవది వర్ణవికారము: పుట్టిన తరువాత కాలమో, మనుష్యుడో దానికి కలిగించిన మార్పు. మొదటిది చరిత్ర చెప్పును. దానివలన అచ్చుల క్రమము, సిరాల లభ్యత, టంకసాల అవసరములు తెలియవచ్చును. మన దేశపు తపాలా చరిత్ర ఆరంభముననే దీనికి చక్కని ఉదాహరణమున్నది. 1854లో కలకత్తాలోని సర్వేయరు జనరలు కార్యాలయమున కెప్టెన్ థుయిలియర్ పర్యవేక్షణలో అర్ధణా బిళ్ళను మొదట సింధూరపు రంగున ముద్రింపసాగిరి. ఇంగ్లండునుండి తెప్పించిన ఆ సిరా అయిపోయెను. ఇక్కడి రంగు రాతిఅచ్చుకు పనికిరాలేదు. చివరకు అర్ధణా బిళ్ళ నీలముగా వెలువడెను. రంగు వెనుక నిట్టి కథ యున్నచో అది చరిత్రయే. కిటికీప్రక్క అద్దపు చట్రములో ముప్పది వేసవులు గడపిన బిళ్ళ పాలిపోవుట వెనుక నున్న కథ కిటికీదే కాని టంకసాలది కాదు.

వర్ణవికారమునకు హేతువులు రసాయన శాస్త్రమెఱిగినవారికి క్రొత్తవి కావు. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున తారునుండి కృత్రిమవర్ణములు పుట్టుకొచ్చి, 1856లో పెర్కిన్ ఊదాను, 1868లో గ్రేబే, లీబర్మన్ అలిజరిన్ ఎఱుపును కనుగొన్నపిదప, అద్దకములకును అచ్చుసిరాలకును ఆ వర్ణములు ప్రాకెను. మన పుట్టపాక తేలియా రుమాళ్ళ నేతగాండ్రు నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిద క్షారములోను పలుమార్లు నానబెట్టి ఆ అలిజరిన్ ఎఱుపును ఎన్ని ఉతుకులకును చెదరని పక్కా రంగుగా నిలిపిరి. అచ్చుసిరా చేసినవారికి అంత ఓపిక లేదు, అవసరమును లేదు, బిళ్ళ పదిదినములు నిలిచి ఉత్తరమును చేర్చినచో చాలును గదా. కనుక ఎఱుపులలో ఇయోసిన్ వంటి మెఱుగురంగులు ఎండ తగులగానే గులాబిగా పాలిపోవును. ఆ కాలపు ఊదాలు చాలవఱకు వెలుతురుకు నిలువవు. పచ్చ సిరా తఱచుగా నీలమును పసుపును కలిపి చేసినది. ఆ పసుపు ముందుగా చచ్చును, నీలము మిగులును. పచ్చ అర్ధణా బిళ్ళ కొన్నాళ్ళకు నీలి అర్ధణాయై కూర్చుండును. సీసము కలిసిన నారింజ, సింధూర వన్నెలు మురుగువాయువులోని గంధకము తగిలినప్పుడు గోధుమకు, కడపట నలుపునకు దిగును. పాత రబ్బరు పట్టీ చుట్టిన కవరుకట్టలో పట్టీ ఆనినమేర గీతవలె నల్లబడిన బిళ్ళలు దొరకుటకు కారణము రబ్బరును కాచుటలో చేర్చు గంధకమే.

నీలముల తీరు మఱియొకటి. ప్రష్యను నీలమునకు క్షారము గిట్టదు. అల్ట్రామెరైన్ నీలమునకు ఆమ్లము గిట్టదు. ఈ మాట మన జిల్లాలవారికి ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. నల్లగొండ బోరునీటిలోని ఫ్లోరైడు సంగతి లోకమెఱిగినదే. పటికయు సున్నమును వేసి ఆ నీటిని శుద్ధిచేయు పద్ధతికి నల్లగొండ పద్ధతి యని శాస్త్రగ్రంథములలో పేరు నిలిచిపోయెను. ఫ్లోరైడు మెండుగ నున్న భూగర్భజలము చాలచోట్ల క్షారగుణము కలిగియుండును. అట్టి నీటిలో నీలిబిళ్ళను రాత్రంతయు నానవేసి, తెల్లవాఱి చూచి, "బూడిదరంగు బిళ్ళ దొరకినది" అని సంతోషించుట కంటె జాలిపడదగినది లేదు. ఊడదీయుట తప్పనిసరియైనచో బ్యాటరీలకు పోయు డిస్టిల్డు నీరు నాలుగు రూకలకు దొరకును. నానుడు కాలము నిమిషములలో నుండవలెను. అన్నిటికంటె మేలు, అసలు ఊడదీయకుండుటయే.

1905నాటి కాలణా బిళ్ళను తీసికొని చూతము. ఆ వరుసలో కాలణా మొదట మందమైన నీలముగా వచ్చి, 1908 ప్రాంతమున బూడిదవన్నెలో మాఱు అచ్చు పడెను. నీలము వెలిసినచో బూడిదయే యగును గనుక, చేతిలోని బిళ్ళ రెండవ అచ్చుదో, వెలిసిన మొదటి అచ్చుదో పైపై చూపునకు తెలియదు. పదిరెట్లు పెద్దది చేసి చూపు భూతద్దమును తీసికొని, ఉదయపు నీడవెలుతురున, దీపము లేకుండ చూడవలెను. ఇది చెక్కుడు అచ్చు. ఫలకపు గాడులలో నింపిన సిరా కాగితముమీదికి ఉబ్బెత్తుగ ఎక్కును. వ్రేలితో తడవినచో గీతలు తెలియును. లోతైన గాడి గీతలో సిరా దళముగ నుండును, సన్నగీతలో పలుచగ నుండును. పుట్టుకతో బూడిదయైన బిళ్ళలో దళపు గీతయు సన్నగీతయు ఒకే వన్నె, చిక్కదనమున మాత్రమే భేదము. వెలిసిన బిళ్ళలో సన్నగీతలు బూడిదబాఱియుండగా దళపు గీతల నడిమిని, సిరా గుట్టపడిన చోట, నీలము చుక్కగ దాగియుండును. తపాలా ముద్ర నల్లసిరా కప్పిన మేర అంచులలోను, ప్రక్క బిళ్ళ ఒకింత ఎక్కి కప్పిన అంచులోను ఆ నీలము ఇంకను స్పష్టముగ బ్రతికియుండును. తరువాత బిళ్ళను త్రిప్పి వెనుకవైపు చూడవలెను: ఎండ ముందునుండియే కొట్టును, వెనుకకు ఇంకిన సిరాను అంతగా తాకలేదు. ముందు బూడిదయై వెనుక నీలి జాడ యున్నచో విచారణ ముగిసినట్లే.

అప్పటికిని సందేహము తీఱనిచో కవరు నడుగవలెను. తపాలా ముద్రలో తేదీ చదువ వీలైనచో అదే చాలును. ముద్ర అలుకుకొనిపోయినచో లోపలి ఉత్తరము చెప్పును. మన పెద్దలు ఉత్తరముపై ఫసలీ సంవత్సరము వేయుట వాడుక. నిజాము రాజ్యపు ఫసలీకి 590 కూడినచో ఇంచుమించుగ క్రీస్తు శకము వచ్చును. ఉత్తరముపై 1316 ఫసలీ యున్నచో అది 1906 ప్రాంతపుది. 1908లో పుట్టిన బూడిదబిళ్ళ 1906లో ఉత్తరముమీద అంటుకొనుట అసంభవము. కనుక అది వెలిసిన నీలమే. భూతద్దముతో గంటసేపు తేలని సంగతి ఒక్క ఫసలీ అంకెతో తేలిపోయెను. కవరును విడిచి వచ్చిన బిళ్ళకు ఈ అంకె యెక్కడిది?

మన యిండ్లలో ఉత్తరములుంచిన తీరు కూడ వర్ణవికారమునకు సాక్షియే. గోడకు మేకు కొట్టి, ఇనుపతీగను కొక్కెముగ వంచి, వచ్చిన ఉత్తరమును వచ్చినట్లు దానికి గ్రుచ్చుట పాత అలవాటు. అట్టి కట్టలో అన్నిటికంటె పైనున్న ఉత్తరపు బిళ్ళ పాలిపోయియుండును; నడిమివి నిన్న వచ్చినంత నిగనిగలాడును; అడుగుదానికి గోడచెమ్మతోడి మరకలు పట్టును; వంటయింటి ప్రక్కదైనచో అంచులన్నియు పొగచూఱియుండును. ఒకే యింటికి, ఒకే యేట వచ్చిన, ఒకే వెలగల బిళ్ళలు ఆ తీగమీద మూడు రంగులుగ కనబడవచ్చును. వానిని విడివిడిగ ఊడదీసి అమ్మినచో మూడు అరుదైన వన్నెలనిపించుకొనును. తీగమీద వరుస చెడకుండ చూచినవానికి మూడును ఒకటే. వేసవిని 44 డిగ్రీలు దాటు ఎండలో ఱేకుల అటుకమీద నుండిన పెట్టెలోని కాగితము పసుపుబాఱుట వేఱొక చిక్కు. కాగితము పసుపెక్కినప్పుడు దానిమీది నీలము పచ్చగ తోచును. అందుచేత రంగును చూచుటకు ముందు, అచ్చు లేని అంచు కాగితపు తెలుపును చూచుట అభ్యాసము చేసికొనవలెను.

ఇంతవఱకు చెప్పినది ప్రకృతి చేసిన మార్పు. మనుష్యుడు కావలెనని చేయు మార్పు మఱియొక సంగతి. నా కోపమంతయు దానిమీదనే. బ్లీచింగు పొడితో కడిగి రంగు దింపుట, ముద్రను చెఱపుటకై డిటర్జెంటు నీటిలో ముంచుట, ఎండలో అద్దముక్రింద ఆరబెట్టి పచ్చను నీలము చేయుట, ఇవన్నియు తెలిసి చేయువారున్నారు. వీనిని పట్టుకొనుటకు పెద్ద ప్రయోగశాల అక్కఱలేదు. దుకాణములలో దొంగనోట్లు చూచు ఊదాదీపము క్రింద బిళ్ళ నుంచవలెను. నేటి డిటర్జెంటు పొడులలో తెలుపును పెంచు ద్రవ్యములు కలుపుదురు; అవి ఆ దీపము క్రింద నీలితెలుపుగ మెఱయును. 1905నాటి కాగితమున ఆ ద్రవ్యములుండుటకు వీలు లేదు, అప్పటికవి వాడుకలోనికే రాలేదు. ఆ బిళ్ళ దీపము క్రింద తళతళలాడినచో, అది డిటర్జెంటులో మునిగినదైన కావలెను, నిన్నమొన్నటి కాగితముమీద తయారైన నకిలీయైన కావలెను. తపాలావారికి ఈ మోసములు క్రొత్త కాదు. వాడిన బిళ్ళను కడిగి మఱల వాడువారి బాధకు ఓర్వలేక 1883–84లో బ్రిటిషు తపాలా శాఖ తడిసిన మాత్రమున చెదరిపోవు సిరాతో లేతఊదా, పచ్చ వరుసలను అచ్చొత్తించెను. ఆనాటి దొంగను పట్టుటకై కలిపిన సిరా నేటి అమాయక సేకర్త చేతిలో గిన్నెడు నీళ్ళలో కరిగిపోవుచున్నది.

నల్లబడిన నారింజ బిళ్ళను హైడ్రొజను పెరాక్సైడుతో తుడిచి మఱల నారింజ చేయవచ్చునా యని అడుగువారు కలరు. చేయవచ్చును, నల్లని సీసపు గంధకిదము తెల్లని గంధకితముగ మాఱును, నారింజ బయటపడును. చేసి, చేసినట్లు చెప్పక అమ్మరాదు. నా మట్టుకు నల్లబడిన బిళ్ళను నల్లగనే యుంచుటయే మేలని తోచును. అది మురుగుప్రక్క ఉన్నదో, రబ్బరు పట్టీ క్రింద ఉన్నదో చెప్పుచున్నది, మనము వినకపోవుటకు కారణము లేదు.

నిజమైన రంగుపొరపాటే లేదా యనిన, ఉన్నది. 1855నాటి స్వీడను మూడు స్కిల్లింగుల బిళ్ళ నీలిపచ్చగ నుండవలసినది, ఒకటి మాత్రము పసుపు వన్నెలో దొరకినది. ఎనిమిది స్కిల్లింగుల పసుపు అచ్చుపలకలో మూడు స్కిల్లింగుల దిమ్మె యొకటి పొరపాటున చేరెనని విజ్ఞుల ఊహ. దానిని 1880లలో ఒక బడిపిల్లవాడు తన అమ్మమ్మ ఇంట దొరకిన పాత ఉత్తరములలో కనుగొని 7 క్రోనులకు అమ్ముకొనెను. అదే బిళ్ళ 1996లో 28 లక్షల స్విస్ ఫ్రాంకులకు మించి పలికెను. ఈ కథను మన కుఱ్ఱవాండ్రందఱు ఎఱుగుదురు. కాని నడుమ 1970లలో స్వీడను తపాలా మ్యూజియము దానిని నకిలీ యనుట, శాస్త్రజ్ఞులు సిరాను, కాగితమును మఱల పరీక్షించి నిజమని తేల్చుట అను ఘట్టమును మాత్రము ఎవరును చెప్పరు. లోకప్రసిద్ధమైన ఒక్క బిళ్ళకు అంత విచారణ నడచినప్పుడు, సంతలో దొరకిన అణాబిళ్ళకు ఫోనులోని ఫోటో చాలునా? ఆ ఫోటో సంగతియు చెప్పవలసినదే: ఫోను తనంతట తాను వెలుతురును దిద్దును, బల్బు క్రింద తీసిన నీలము పచ్చగ, ట్యూబులైటు క్రింద తీసిన ఎఱుపు ఊదాగ రావచ్చును. స్టాన్లీ గిబ్బన్సువారి రంగుల మట్టుపట్టీలో 200 వన్నెలున్నవి. దానిని ప్రక్కన పెట్టి కంటితో పోల్చుట వేఱు, దాని ఫోటోతో బిళ్ళ ఫోటోను పోల్చుట వేఱు.

ఈ జిల్లాల కవరులు కేవలము బిళ్ళల మోత కావు. 1922లో నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామ నరసింహారావుగారి నీలగిరి పత్రిక వెలువడెను. 1926లో పాలమూరి సీమవాడైన సురవరము ప్రతాపరెడ్డిగారు హైదరాబాదునుండి గోలకొండ పత్రిక నారంభించిరి. 1931లో దేవరకొండలోను, 1936లో షాద్‌నగరులోను, 1944లో భువనగిరిలోను ఆంధ్రమహాసభలు జరిగెను. రైలు లేని తాలూకాలకు పత్రికయైనను, సభాహ్వానమైనను, చందా రశీదైనను టపాలోనే నడచెను. చార్మినారు బిళ్ళ అంటించి దేవరకొండ ముద్ర పడిన కవరు, అందు మహాసభను గుఱించిన నాలుగు వాక్యములున్నచో, రంగు ఎంత వెలిసినదైనను, చరిత్రకు ఎంత విలువగలదో చెప్పనక్కఱలేదు; అందుండి కోసితీసిన బిళ్ళ, రంగు ఎంత నిగనిగలాడినను, పది రూపాయల సరుకు.

కావున అమ్మువారిని కోరునది ఒకటి: "అరుదైన వన్నె" యని ప్రకటించినప్పుడు బిళ్ళ వెనుకవైపును, కవరును, తేదీని చూపవలెను, చూపనిచో కొనువాడు దానిని వెలిసిన బిళ్ళగనే ఎంచి బేరమాడవలెను. తార్నాకలోని రాష్ట్ర పత్రాగారము ఫర్మానులను, దఫ్తరులను భద్రపఱచుచున్నది. ఇండ్లలోని ఈ తీగకట్టలను కూడ, బిళ్ళ లూడదీయకుండ, వరుస చెడకుండ, ఇచ్చువారి పేర తీసికొనుటకు జిల్లా గ్రంథాలయములందు ఒక అలమార ఏర్పఱచినచో ఖర్చు స్వల్పము. కావలసినదెల్ల ఆమ్లము లేని కాగితపు సంచులు, వెలుతురు చొరని పెట్టె, మెత్తని పెన్సిలుతో వ్రాసిన ఊరు, ఇంటిపేరు, ఫసలీ. ప్లాస్టికు ఆల్బములను మాత్రము దయచేసి దగ్గఱకు రానీయరాదు. వానిలో చౌకరకమువి వేసవి వేడికి చెమర్చి బిళ్ళమీది సిరాను తమకు అంటించుకొనును.